ఆవుకు కొమ్ము ఎక్కడ?

మా మనవరాలు డాలస్‌లో పుట్టింది. వేసవి సెలవులకు ఇక్కడికి వచ్చినప్పుడల్లా పలకా బలపం ఇచ్చి కూర్చోబెడతాను. పోయినేడు 'ఆవు' రాయమంటే రాసి పట్టుకొచ్చింది. చూస్తే 'ఆమ' అని ఉంది.

"ఆమ ఏమిటే?" అన్నాను.

"ఆవు తాతయ్యా! వ రాశాను, కొమ్ము పెట్టాను. చూడు."

చూశాను. వ ఉంది, కొమ్మూ ఉంది. పిల్ల మాటకు వంక పెట్టడానికి లేదు. కాకపోతే కొమ్మును వ భుజం పక్కన, అదే ఎత్తులో అతికించింది. అలా అతికితే అది మ. కాస్త కిందికి దించి, వ పాదం దగ్గర అతికితే వు. కు, గు, తు, ను లాంటి అక్షరాల్లో కొమ్ము పక్కనే బుద్ధిగా నిలబడుతుంది. వ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కిందికి జారుతుంది. జారకపోతే మ అయి కూర్చుంటుంది. అరవై ఏళ్లుగా తెలుగు చదువుతున్న నేను ఈ సంగతి ఎన్నడూ గమనించలేదు. నా కన్ను మాత్రం అరవై ఏళ్లుగా గమనిస్తూనే ఉండి ఉండాలి. లేకపోతే ఒక్క పేజీ కూడా చదవగలిగేవాణ్ణి కాదు.

ముక్కలు అవే, అతుకు మారింది, అక్షరం మారిపోయింది. ఈ అధ్యాయమంతా ఆ అతుకు గురించే.

1987లో ఇర్వింగ్ బీడర్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త వస్తువుల విషయంలో ఇదే మాట అన్నాడు. అప్పట్లో ఆయన బఫెలోలో న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తుండేవాడు. కాఫీ కప్పులో ఏముంది? స్తంభం లాంటి ముక్క ఒకటి, వంపు తిరిగిన కాడ ఒకటి. బకెట్‌లో? అవే రెండు. కాడ పక్కన అతికితే కప్పు, నెత్తిన అతికితే బకెట్. సైజు తేడా ఉంది కదా అంటారేమో. కాగితం మీద రెండింటినీ ఒకే సైజులో గీసి ఎవరికైనా చూపించండి. బకెట్‌లో కాఫీ తాగుతానని ఎవరూ అనరు.

బీడర్‌మన్ వాదం ఇది. ఏ వస్తువు కనిపించినా మన చూపు ముందు దాన్ని కొన్ని సాదా ముక్కలుగా విడగొట్టుకుంటుంది. ఆ ముక్కల రకాలు చాలా కొద్ది. ఏ ముక్క ఏ రకానిది, ఏది దేనికి ఎక్కడ అతికి ఉంది అన్న రెండు సంగతులూ తెలిస్తే వస్తువు పేరు దొరుకుతుంది. ఆ సాదా ముక్కలకు ఆయన 'జియాన్లు' అని పేరు పెట్టాడు. వాటి సంఖ్య 36 అని లెక్క తేల్చాడు.

ఆ 36 ఎలా వచ్చిందో వంటింట్లోనే చూడొచ్చు. కూరగాయలబుట్ట ముందేసుకుని కూర్చోండి. ఏ ముక్క గురించైనా నాలుగే ప్రశ్నలు. మొదటిది: అడ్డంగా కోస్తే ఆ కోత అంచు గుండ్రంగా ఉందా, అగ్గిపెట్టెలా తిన్నటి గీతలతో ఉందా? రెండు జవాబులు. రెండోది: ఆ కోత ఎటు తిప్పినా, అద్దంలో చూసినా ఒకేలా ఉందా, అద్దంలో మాత్రమే సరిపోతుందా, లేక ఎందులోనూ పొసగని వంకరా? మూడు జవాబులు. మూడోది: ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంటే లావు ఒకే తీరుగా ఉందా, ముల్లంగిలా ఒకవైపు సన్నబడుతోందా, దొండకాయలా మధ్యలో ఉబ్బి మళ్లీ తగ్గుతోందా? మూడు. నాలుగోది: నిలువునా పోయే ఇరుసు మునక్కాయలా తిన్నగా ఉందా, అరటికాయలా వంగి ఉందా? రెండు. రెండు మూళ్లు ఆరు, ఆరు మూళ్లు పద్ధెనిమిది, పద్ధెనిమిది రెళ్లు ముప్పై ఆరు.

ఈ నాలుగు ప్రశ్నలే ఎందుకు? మనం పక్కకు జరిగినా, వంగి చూసినా వీటి జవాబులు మారవు కాబట్టి. తిన్నటి అంచు ఎటు నుంచి చూసినా తిన్నగానే కనిపిస్తుంది, వంపు దాదాపు ఎప్పుడూ వంపుగానే కనిపిస్తుంది. పొడవు ఎంత, కోణం ఎన్ని డిగ్రీలు అనేవి చూసే చోటును బట్టి మారిపోతాయి. అందుకని చూపు వాటి జోలికి పోకుండా స్థిరంగా ఉండేవాటినే పట్టుకుంటుందని బీడర్‌మన్ ఉద్దేశం.

మరి 36 ముక్కలతో ప్రపంచం సరిపోతుందా? వర్ణమాలలో ఉన్నవి యాభై చిల్లర అక్షరాలు. వాటితో భారతమూ రాశారు, పెళ్లి శుభలేఖలూ రాస్తున్నాం. ఏ ముక్క పెద్దది, ఏది పైన, ఏది పక్కన, నిలువునా అతికిందా, కొసన అతికిందా అన్న తేడాలు కూడా కలిపి లెక్కేస్తే రెండేసి జియాన్లతోనే 74,649 వస్తువులు తయారవుతాయి. మూడేసితో అయితే పదిహేను కోట్ల నలభై లక్షలు. మామూలు మనిషి చూడగానే పోల్చుకోగల వస్తురూపాలు ఓ ముప్పై వేలు ఉంటాయని ఆయన అంచనా. పుట్టిన దగ్గర నుంచి పద్ధెనిమిదేళ్లు నిండేదాకా పంచుకుంటే రోజుకు నాలుగున్నర. పసిపిల్లలు కనిపించిన ప్రతిదాన్నీ 'అదేంటి, అదేంటి' అని వేపుకు తినడం చూసినవాళ్లకు ఈ లెక్క ఎక్కువనిపించదు.

ఇక్కడో చిక్కుంది. ముక్కలుగా విడగొట్టాలంటే ఎక్కడ కొయ్యాలో ముందు తెలియాలి. వస్తువు ఏమిటో తెలిస్తేనే కదా దాని ముక్కలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో తెలిసేది! ముక్కలు తెలిస్తేనే వస్తువు తెలుస్తుంది, వస్తువు తెలిస్తేనే ముక్కలు తెలుస్తాయి అంటే ఇక పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టే.

ఈ ముడిని 1984లో డొనాల్డ్ హాఫ్‌మన్, విట్‌మన్ రిచర్డ్స్ విప్పారు. వినాయక చవితికి ఇంట్లో మట్టిబొమ్మ చేసినవాళ్లకు వాళ్లు చెప్పినది చేతులతో తెలుసు. పొట్టకో పెద్ద ముద్ద, దానిమీద తలకో ముద్ద పెట్టి నొక్కుతాం. రెండు ముద్దలూ బయటికి ఉబ్బి ఉంటాయి. అవి కలిసిన చోట మాత్రం చుట్టూ లోపలికి ఒక నొక్కు పడుతుంది. ఉబ్బెత్తు ముక్కలు రెండు ఎలా కలిసినా దాదాపు ఎప్పుడూ ఇంతే. కాబట్టి వస్తువేమిటో తెలియకపోయినా ఫరవాలేదు. అంచు వెంట చూపు నడిపిస్తూ ఎక్కడ లోపలికి గట్టిగా నొక్కుకుపోయిందో అక్కడ కోసేయడమే. మెడ, నడుము, మణికట్టు, బిందె గొంతు, అన్నీ నొక్కులే.

మీకు తెలిసిన బొమ్మ ఒకటుంది. నలుపు మీద తెల్లటి కూజా, కాసేపు చూస్తే ఎదురెదురుగా ఇద్దరి ముఖాలు. కూజాగా చూసినప్పుడు దాని ముక్కలు మూతి, మెడ, పొట్ట, పీఠం. ముఖాలుగా చూసినప్పుడు నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం. గీత ఒక్కటే. కానీ తెలుపు వైపు నుంచి నొక్కయినది నలుపు వైపు నుంచి ఉబ్బు. అందుకని కోతలన్నీ ఒక్కసారిగా జరిగిపోయి కొత్త ముక్కలు పుడతాయి. రెండూ ఒకేసారి మాత్రం కనిపించవు.

మన శిల్పులు ఇంకో గారడీ చేశారు. పన్నెండో శతాబ్దంలో రెండో రాజరాజ చోళుడు కట్టించిన దారాసురం ఐరావతేశ్వరాలయంలో ఒక ఎద్దూ ఏనుగూ కలిసిన శిల్పం ఉంది. శరీరాలు రెండు, తల ఒక్కటే. ఒక శరీరాన్ని అరచేత్తో మూస్తే మిగిలింది ఏనుగు. చెయ్యి రెండోవైపు మారిస్తే మిగిలింది ఎద్దు. తలలో ఒక్క గీత కూడా మారలేదు. ఆ తల దేనికి అతికిందో దాన్ని బట్టి దాని పేరు మారింది. బీడర్‌మన్ ఈ శిల్పాన్ని చూసి ఉంటే తన వ్యాసంలో తప్పకుండా వేసుకునేవాడని నా నమ్మకం.

ఆయన వ్యాసంలో అందరికీ గుర్తుండిపోయిన ప్రయోగం వేరే ఉంది. కప్పు, దీపం, విమానం లాంటి వస్తువుల గీతబొమ్మలు తీసుకుని రబ్బరుతో కొంత కొంత చెరిపాడు. చెరపడంలో రెండు పద్ధతులు. మొదటి పద్ధతిలో గీతల నడిమి భాగాలు చెరిపి, మూలలూ అతుకులూ వదిలేశాడు. రెండో పద్ధతిలో అతుకుల దగ్గరే చెరిపి, నడిమి గీతలు వదిలేశాడు. చెరిపిన పొడవు రెండింట్లోనూ సమానమే. మొదటి రకం బొమ్మల్ని జనం కాస్త తడుముకున్నా గుర్తుపట్టారు. రెండో రకం బొమ్మల్ని ఎంతసేపు పెట్టినా చాలామంది పోల్చుకోలేకపోయారు. గీతలు బోలెడున్నాయి, వస్తువు మాత్రం లేదు. దీనికి తోడు ఇంకొకటి: తొమ్మిది ముక్కలున్న విమానంలో మూడు నాలుగు ముక్కలే గీసి, సెకనులో పదోవంతు సేపు చూపించినా చాలాసార్లు 'విమానం' అనేశారు. ముక్కలు పోయినా ఫరవాలేదు, అతుకులు పోతే మాత్రం కథ కంచికే.

ఇంత ముచ్చటగా ఉంది కాబట్టి అంతా ఇలాగే జరుగుతుందనుకుంటే పొరపాటు. జియాన్ల లెక్కలో ఒంగోలు గిత్తకూ గిర్ ఆవుకూ తేడా చెప్పడం కష్టం. జామకాయనూ నిమ్మకాయనూ అంచు చూసి విడదీయలేం, తోలు చూడాలి. చింతచెట్టును ఏ జియాన్లతో కడతారు? ఉతికి కుర్చీలో పడేసిన చీర సంగతేమిటి? మనుషులు వస్తువును ముక్కలుగా కాక, ఇదివరకు చూసిన కోణాల జ్ఞాపకాలుగా దాచుకుంటారని వాదించినవాళ్లున్నారు. 1990ల్లో హైన్రిచ్ బ్యుల్తోఫ్, మైకేల్ టార్ లాంటివాళ్లకూ బీడర్‌మన్‌కూ ఈ విషయంలో పెద్ద యుద్ధమే నడిచింది. నాకు తోచినంతలో ఇద్దరూ గెలవలేదు, ఇద్దరూ ఓడలేదు. కుర్చీని కుర్చీ అనడానికి ముక్కలు చాలు. అది మా తాతగారి పడక్కుర్చీ అని పోల్చుకోవడానికి వేరే సరంజామా కావాలి.

ముఖాల సంగతి మరీ వేరు. 1980లో ఇంగ్లండులో యార్క్ యూనివర్సిటీకి చెందిన పీటర్ థాంప్సన్ అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్ ఫొటో తీసుకుని, కళ్లనూ నోటినీ మాత్రం కత్తిరించి తలకిందులుగా అతికించాడు. చూస్తే దడుసుకునేంత వికారంగా ఉంటుంది. మొత్తం ఫొటోను తలకిందులు చేసి చూడండి, ఆమె చిరునవ్వు నవ్వుతున్నట్టే ఉంటుంది, తప్పేమీ కనిపించదు. నిటారుగా ఉన్న ముఖాన్ని మనం ముక్కలుగా చూడం. ముక్కుకూ పెదవికీ ఎంత ఎడం, కన్ను ఏ వాలున ఉంది అన్నదంతా ఒక్క ముద్దగా చూస్తాం. తలకిందులు చేసేసరికి ఆ యంత్రాంగం పడుకుంటుంది, ముక్కల వ్యవహారం మిగులుతుంది.

ఈ రెండు యంత్రాంగాలూ నిజంగా వేరువేరని చూపించినవాడు వైద్య సాహిత్యంలో సి.కె. అన్న పొడి అక్షరాలతో మిగిలిపోయిన ఒక రోగి. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలింది. ఆ తర్వాత అతనికి వస్తువులు పోల్చుకోవడం పోయింది. చూపు బాగానే ఉంది. గీతలు కనిపిస్తాయి, ముక్కలు కనిపిస్తాయి, అవి ఒక వస్తువుగా కూడవు. ఒక వస్తువు బొమ్మను జ్ఞాపకం నుంచి చక్కగా గీసేవాడు. కొన్నాళ్లకు ఆ బొమ్మే చూపిస్తే అదేమిటో చెప్పలేకపోయేవాడు. ముఖాలు మాత్రం మనందరిలాగే గుర్తుపట్టేవాడు. పదహారో శతాబ్దపు ఇటాలియన్ చిత్రకారుడు ఆర్చింబోల్డో పళ్లూ కూరగాయలూ పేర్చి మనిషి ముఖాలు వేశాడు. ఆ చిత్రాలు చూపిస్తే సి.కె. ముఖం ఉందన్నాడు. అది పళ్లతో కట్టిన ముఖమన్న సంగతి అతనికి పట్టలేదు. మోస్కోవిచ్, వినోకర్, బెహ్ర్‌మన్ ఈ వివరాలను 1997లో ప్రచురించారు. ఇంటికి కావలసిన ఇటుకలన్నీ ఉండి, సున్నం లేకపోతే ఎలా ఉంటుందో సి.కె.ని చూసి ఊహించుకోవచ్చు.

ఇక కంప్యూటర్ల వైపు వద్దాం. నిజానికి ముక్కల ఆలోచన యంత్రాల వాళ్లకే ముందు తట్టింది. 1971లో థామస్ బిన్‌ఫర్డ్ వస్తువులను సాగదీసిన, వంచిన స్తంభాల కూర్పుగా వర్ణించవచ్చన్నాడు. 1978లో ఎం.ఐ.టి.లో డేవిడ్ మార్, కీత్ నిషిహారా దానికి మెట్లు కట్టారు. దూరం నుంచి మనిషి ఒకే ఒక్క స్తంభం. దగ్గరికొస్తే తల, మొండెం, కాళ్లు, చేతులు. చెయ్యిని చూస్తే పైచెయ్యి, ముంజెయ్యి, హస్తం. హస్తాన్ని చూస్తే వేళ్లు. మార్ ముప్పై అయిదేళ్లకే, 1980లో, లుకేమియాతో పోయాడు. ఆయన పుస్తకం 1982లో వచ్చింది. బీడర్‌మన్ జియాన్లు దాని భుజాల మీద నిలబడినవే.

మార్ బొమ్మలు చూసినప్పుడల్లా నాకు శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట తోలుబొమ్మలు గుర్తొస్తాయి. తల వేరు, మొండెం వేరు, చేతులు వేరు, కాళ్లు వేరుగా తోలు కోసి, రంగులద్ది, కీళ్ల దగ్గర దారంతో ముడేస్తారు. చెయ్యి పైకి లేస్తుంది, వంగుతుంది, ఊగుతుంది. కానీ భుజాన్ని వదిలి మోకాలి దగ్గరికి వచ్చేయదు. ముడి ఇచ్చే స్వేచ్ఛ అంత వరకే.

ఆ ముడినే 1973లో మార్టిన్ ఫిష్లర్, రాబర్ట్ ఎల్ష్‌లాగర్ కంప్యూటర్‌కు నేర్పడానికి చూశారు. దారానికి బదులు స్ప్రింగు అన్నారు. ముఖమంటే కళ్లు, ముక్కు, నోరు, జుట్టు అనే ముక్కలు, వాటిని కలుపుతూ స్ప్రింగులు. ఫొటోలో ఒకచోట ముక్కును పోలిన ముక్క ఉంటే దానికి కొన్ని మార్కులు. ఆ ముక్కును అక్కడ పెట్టడానికి స్ప్రింగు సాగదీయాల్సి వస్తే, ఎంత సాగితే అంత కోత. మొత్తం మార్కులు ఎక్కడ ఎక్కువ వస్తాయో అక్కడ ముఖం ఉన్నట్టు. ఎంత చక్కటి ఆలోచన! చిక్కల్లా ఏమిటంటే ప్రతి ముక్కనూ ప్రతిచోటా పెట్టి చూసి లెక్కలు కట్టడానికి అప్పటి యంత్రాలకు తాహతు లేదు. దాదాపు ముప్పై ఏళ్లు ఈ ఆలోచన అటక మీదే ఉంది.

2005లో పెద్రో ఫెల్జెన్‌స్వాల్బ్, డేనియల్ హట్టెన్‌లాకర్ ఆ లెక్కను చకచకా చేసే ఉపాయాన్ని ప్రచురించారు. 2008లో ఫెల్జెన్‌స్వాల్బ్ డేవిడ్ మెకాలెస్టర్, దేవా రామనన్‌లతో కలిసి దాన్ని అసలు ఫొటోల మీదికి ఎక్కించాడు. తర్వాత రాస్ గిర్షిక్ కూడా చేరాడు. సైకిల్, గుర్రం, మనిషి, ఏదైనా సరే, మొత్తం వస్తువుకు మసకగా ఒక అచ్చు, దానిమీద కాస్త స్పష్టంగా కొన్ని ముక్కల అచ్చులు, మధ్యన స్ప్రింగులు. ఇది చక్రం, ఇది హ్యాండిల్ అని యంత్రానికి ఎవరూ చెప్పలేదు. 'ఈ పెట్టెలో సైకిల్ ఉంది' అని మాత్రమే చెప్పారు. ముక్కలు ఏవో అదే ఎంచుకుంది, చూస్తే ఎక్కువగా చక్రాలే ఎంచుకుంది. అప్పట్లో ఏటా జరిగిన, ఫొటోల్లో వస్తువులు పట్టే పాస్కల్ పోటీల్లో కొన్నేళ్లపాటు దీనిదే రాజ్యం. 2010లో పోటీ నిర్వాహకులు ఈ నలుగురికీ జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చారు. జీవిత సాఫల్యం అన్న మాట వినగానే మనకు శాలువా, పూలదండ గుర్తొస్తాయి, ఇక ఈయన పని అయిపోయింది అని కూడా తోస్తుంది. అలాగే అయింది. రెండేళ్లలో కొత్త దొరలొచ్చారు.

2012లో టొరంటో నుంచి అలెక్స్ క్రిషెవ్‌స్కీ, ఇల్యా సుట్స్‌కెవర్, జెఫ్రీ హింటన్ తమ న్యూరల్ నెట్‌వర్క్‌తో ఇమేజ్‌నెట్ పోటీకి దిగారు. వెయ్యి రకాల వస్తువులు, నేర్చుకోవడానికి పన్నెండు లక్షల ఫొటోలు. ప్రతి ఫొటోకూ అయిదు ఊహలు చెప్పుకోవచ్చు. రెండో స్థానంలో ఉన్నవాళ్లు నూటికి 26.2 సార్లు తప్పితే, వీళ్లది 15.3. స్ప్రింగులు లేవు, అచ్చులు లేవు, ముక్కల పట్టిక లేదు. ఆరు కోట్ల అంకెలు, వాటిని సవరించే ఒక పద్ధతి, అంతే.

ఇలాంటి నెట్‌వర్క్ లోపల ఏం నేర్చుకుందో విప్పి చూద్దామని మాథ్యూ జీలర్, రాబ్ ఫెర్గస్ ప్రయత్నించారు. మొదటి పొరలో గీతల అంచులు, రంగులు. తర్వాత మూలలు, వంపులు, వలల్లాంటి నేతలు. ఇంకా పైకి పోతే కుక్క మూతులు, చక్రాలు, పక్షి కాళ్లు. ఎవరూ అడగకుండానే ముక్కలు తిరిగొచ్చేశాయి! బీడర్‌మన్ గెలిచాడు అనిపించింది చాలామందికి. నాకూ అనిపించింది.

అతుకులు మాత్రం రాలేదు.

అది బయటపడటానికి కొన్నేళ్లు పట్టింది. జర్మనీలో ట్యూబింగెన్ నుంచి 2019లో రెండు పరిశోధనలు వచ్చాయి. మొదటిది వీలాండ్ బ్రెండెల్, మథియాస్ బెత్గేలది. వాళ్లు ఫొటోను చిన్న చిన్న పేలికలుగా కత్తిరించారు, ఒక్కొక్కటి 33 పిక్సెళ్ల చదరం. ఒక్కో పేలికను విడిగా చూసి 'ఇందులో ఏ వస్తువు వాసన వస్తోంది' అని ఓటు వేయించారు. ఏ పేలిక పక్కన ఏ పేలిక ఉందన్నది లెక్కలోకే రాదు. సంచిలో వేసి కుదిపినా అదే జవాబు. అయినా అయిదు ఊహల్లో సరైన జవాబు నూటికి 87.6 సార్లు దొరికింది. పేలికను 17 పిక్సెళ్లకు తగ్గించినా 2012 నాటి విజేతతో సమానం! అంటే ఆ పోటీలో నెగ్గడానికి వస్తువు ఎలా కూడుకుని ఉందో తెలియాల్సిన అవసరమే పెద్దగా లేదన్నమాట. చేపను గుర్తుపట్టడానికి దాన్ని పట్టుకున్న జాలరి వేళ్లు కనిపించినా చాలు.

రెండోది రాబర్ట్ గైరోస్ బృందానిది. పిల్లి ఆకారం తీసుకుని దానికి ఏనుగు చర్మం తొడిగారు. మనుషులు పిల్లి అన్నారు. నెట్‌వర్క్ ఏనుగు అంది, అదీ భారతీయ ఏనుగు అని జాతితో సహా. ఇలా ఆకారం ఒకటి, చర్మం ఒకటి అయిన బొమ్మలు చాలా చూపించారు. రెంటిలో ఒకటి చెప్పిన సందర్భాల్లో మనుషులు నూటికి 95కు పైగా ఆకారం పక్షాన నిలబడ్డారు. అందరూ వాడే రెస్‌నెట్-50 అనే నెట్‌వర్క్ నూటికి 22 సార్లే. చిత్రకారుల కుంచె తీరులో చర్మాలు మార్చేసిన ఫొటోలతో మళ్లీ చదువు చెబితే అదే నెట్‌వర్క్ ఆకారాన్ని పట్టించుకోవడం మొదలుపెట్టింది. కాబట్టి తప్పు పూర్తిగా యంత్రానిది కాదు, మనం పెట్టిన పరీక్షది కూడా. పేపరు అలా ఇస్తే పిల్లలు గైడ్ బట్టీ పట్టినట్టు పట్టింది.

అదే ఏడు మైకేల్ ఆల్కార్న్, ఆన్ న్గుయెన్ తదితరులు చూపించిన బస్సు సంగతి వింటే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. రోడ్డు మీద నిలబడిన పసుపు స్కూలు బస్సును నెట్‌వర్క్ తడుముకోకుండా స్కూలు బస్సు అంటుంది. అదే బస్సు బోల్తా పడి పక్కకు ఒరిగి ఉంటే మంచు తోసే బండి అంటుంది. బోల్తా పడిన బస్సును చూసి మన ఊళ్లో అయిదేళ్ల పిల్లవాడు కూడా బస్సు పడిపోయింది అంటాడు. చక్రాలు గాల్లో ఉన్నా అవి బస్సుకు అతికిన చోటే అతికి ఉన్నాయని వాడికి తెలుసు.

హింటన్‌కు ఈ సంగతి ముందు నుంచీ తెలుసు. నెట్‌వర్క్‌లలో పూలింగ్ అనే ఒక మెట్టు ఉంటుంది. ఈ పరిధిలో ఎక్కడో ఒకచోట కన్ను ఉందా అని అడిగి, 'ఉంది' అన్న జవాబు ఉంచుకుని 'ఎక్కడ' అన్నదాన్ని పారేస్తుంది. లెక్క తేలికవుతుంది, వస్తువు కాస్త జరిగినా ఇబ్బంది ఉండదు. పూలింగ్ పెద్ద పొరపాటని, అది ఇంత బాగా పనిచేయడం ఇంకా పెద్ద అనర్థమని హింటన్ బహిరంగంగానే అన్నాడు. తాను గెలిపించిన పద్ధతిని తానే ఇలా తిట్టిపోసేవాళ్లు ఏ రంగంలోనైనా అరుదు. 2017లో సారా సబూర్, నికొలస్ ఫ్రోస్ట్‌లతో కలిసి ఆయన క్యాప్సూళ్లు అనే మార్గం చూపించాడు. ప్రతి ముక్కా 'నేను ఉన్నాను' అనడంతో సరిపెట్టుకోకుండా 'ఈ వాలున, ఈ చోట ఉన్నాను, కాబట్టి నా యజమాని ఫలానా చోట ఉండాలి' అని చెబుతుంది. ముక్కలన్నీ ఒకే యజమానిని ఒకే చోట చూపిస్తే వస్తువు ఉన్నట్టు. చేతిరాత అంకెలు, అందులోనూ ఒకదానిమీద ఒకటి పడిన అంకెలు చదవడంలో ఇది మంచి పేరు తెచ్చుకుంది. మా మనవరాలి 'ఆమ'ను దిద్దడానికి పనికొచ్చేదేమో. పెద్ద పెద్ద ఫొటోల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కూలబడింది. తర్వాత వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్లు అనే నెట్‌వర్క్‌లు ఫొటోను పదహారేసి పిక్సెళ్ల చదరాలుగా కోసి, ఒక్కో ముక్కకు అది ఎక్కడిదో చెప్పే స్థానపు గుర్తు జత చేస్తాయి. అతుకు తలుపు సందులోంచి మళ్లీ లోపలికి తొంగి చూస్తోంది.

మనకైనా ఈ అతుకులు పుట్టుకతో వచ్చాయా? దీనికి కొంత జవాబు మన దేశంలోనే దొరికింది. ఎం.ఐ.టి.లో పనిచేసే పవన్ సిన్హా నడిపే ప్రాజెక్ట్ ప్రకాశ్, పుట్టు శుక్లాలతో చూపు లేకుండా పెరిగిన పిల్లలకు ఉత్తర భారతంలో చికిత్స చేయిస్తుంది. ఏళ్ల తర్వాత మొదటిసారి చూస్తున్నవాళ్లు లోకాన్ని ఎలా చూస్తారో పరిశీలిస్తుంది. 2009లో యూరీ ఓస్ట్రోవ్‌స్కీ, సిన్హా తదితరులు ఏళ్ల తర్వాత చూపు వచ్చిన ముగ్గురి సంగతి రాశారు. ఒక చదరం, ఒక వృత్తం కాస్త ఒకదానిమీద ఒకటి పడేలా గీసి ఎన్ని ఉన్నాయంటే మూడన్నారు. రెండూ కలిసిన ముక్క వాళ్లకు మూడో వస్తువు. ఫొటోలు ఇచ్చి వస్తువుల చుట్టూ గీత గీయమంటే ఒక్కో మచ్చ చుట్టూ, ఒక్కో నీడ చుట్టూ వేరే గీత గీశారు. అన్నీ ముక్కలే. ఏది దేనికి అతికిందో తెలియదు.

అప్పుడు ఆ ఆకారాల్లో ఒకదాన్ని కదిపారు. కదిలిన వెంటనే చదరం చదరంగా, వృత్తం వృత్తంగా విడివడి కనిపించాయి. కలిసి కదిలేవి ఒకే వస్తువు. ఫొటోల్లో కూడా వాళ్లు ముందుగా పోల్చుకున్నవి నిజజీవితంలో కదిలే వస్తువులే. నెలలు గడిచేకొద్దీ కదలని బొమ్మల్లో కూడా అతుకులు చూడటం వాళ్లకు పట్టుబడింది. పన్నెండు లక్షల ఫొటోలతో చదువుకున్న యంత్రం ఆ పన్నెండు లక్షల్లో ఒక్కటి కూడా కదలగా చూడలేదు.

కదలిక సత్తా ఎంతో చూడటానికి ఇంకాస్త వెనక్కి వెళ్దాం. 1973లో స్వీడన్‌లో, ఉప్సాలా యూనివర్సిటీలో గునార్ యోహాన్‌సన్ ఒక మనిషికి నల్లబట్టలు తొడిగి భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంటి, మోకాళ్లు, చీలమండల దగ్గర చిన్న చిన్న దీపాలు కట్టాడు. చీకటి గదిలో సినిమా తీశాడు. తల లేదు, మొండెం లేదు, చేతులు కాళ్లు లేవు. ఒక్క ముక్క కూడా కనిపించదు, కనిపించేవన్నీ కీళ్లే. సినిమా ఆపి ఉంచితే తెర మీద పన్నెండు చుక్కలు, కలపని ముగ్గులా. ఎవరికీ ఏమీ అర్థం కాదు. సినిమా నడిపించగానే, ఆ చుక్కలు ఒక్క అడుగైనా పూర్తిగా వేయకముందే, చూస్తున్నవాళ్లు అన్నారు: ఎవరో నడుస్తున్నారు.